తడికాళ్ళ సాక్ష్యం

మా ఆయన్ని అందరూ అనుమానాల మేస్త్రీ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయన కూడా ఠక్కున పలుకుతాడు. "కరెంటు పని చేసేవాడికి అంతకన్నా మంచి పేరు ఎవరు పెడతారే?" అంటాడు నాతో. పేరు సంగతేమో గానీ, ఆ అనుమానంతో కాపురం చేసేదాన్ని నేను. నా తిప్పలు అడిగిన నాథుడు లేడు.

నన్ను చూసుకోవడానికి మా ఇంటికొచ్చిన రోజునే నాకు అర్థమై ఉండాల్సింది. కుర్చీలో కూర్చున్నాడన్న మాటే గానీ, చూపంతా గుమ్మం బయట గోడకున్న లైటు మీదే. వాళ్ళమ్మ మోచేత్తో పొడుస్తూనే ఉంది. చివరికి నోరు విప్పి మా నాన్నని అడిగిన మొదటి మాట, "ఆ లైటు మీద వాన పడుతుందాండీ?" అని. మా నాన్న తెల్లబోయి, "పడుతుంది బాబూ, ఇంటి మీదంతా పడుతుంది" అన్నాడు. తిరిగి వెళ్ళేటప్పుడు పిల్ల నచ్చిందా అని వాళ్ళమ్మ అడిగితే, "పిల్ల బాగుంది, లైటే బాగాలేదు" అన్నాట్ట. ఈ ముక్క మా అత్తగారు నాకు పెళ్ళయిన ఏడాదికి గానీ చెప్పలేదు. ముందే చెబితే ఏం చేసేదాన్నో అని భయపడిందేమో!

ఇంట్లో కూడా అదే తంతు. కొత్త చెప్పులు కొంటే తిరగేసి అడుగు గీకి చూస్తాడు. డాక్టరు రాసిన చీటీని రెండు మందుల షాపుల్లో చదివిస్తాడు. మా అమ్మాయి పరీక్ష పాసయ్యానని ఎగురుకుంటూ వస్తే, "నంబరు ఇంకోసారి చూసుకో తల్లీ" అన్నాడు. అది రెండ్రోజులు వాళ్ళ నాన్నతో మాట్లాడలేదు. మూడో రోజున ఆయన చెప్పకుండా వెళ్ళి స్వయంగా నంబరు చూసొచ్చి, అప్పుడు మిఠాయి కొన్నాడు.

ఆయన పని ఆరుబయట లైట్లు. అందులోనూ నీళ్ళ పక్కన ఉండేవి. ఈతకొలనులు, ఫౌంటెన్లు, కార్లు కడిగే చోట్లు, తోటల్లో కుళాయిల దగ్గర స్తంభాలు. మూడు నెలలకోసారి వెళ్ళి లైటు దించి, ఎండిపోయిన రబ్బరు వాషరు మార్చి, గోడకీ లైటుకీ మధ్య సందులో సిలికాన్ పూసి, మళ్ళీ బిగిస్తాడు. అయితే నాలుగు పక్కలా పూయడు. పైనా, రెండు పక్కలా మాత్రమే. కింద వదిలేస్తాడు. లైటు అడుగున సన్నటి బెజ్జం ఒకటి ఉంటుంది, దాన్ని పిన్నుతో పొడిచి మరీ శుభ్రం చేస్తాడు.

"అదేంటయ్యా, కింద తెరిచి పెడితే నీళ్ళు లోపలికి పోవా?" అని కొత్తలో అడిగాను.

"నీళ్ళు ఎలాగైనా లోపలికి పోతాయే. రాకుండా ఆపేస్తానని ఎవడైనా అంటే నమ్మకు. వచ్చినవి ఎటు పోతాయో చూసుకోవాలి. ఆ దారి మూశావంటే లైటు కాస్తా గిన్నె అవుతుంది" అన్నాడు. నీళ్ళని కూడా దొంగల్ని చూసినట్టు చూస్తాడు, ఏం మనిషో!

ఇంకో అలవాటుంది. ఎక్కడికి వెళ్ళినా సంచిలోంచి మీటరు తీయడు ముందు. అక్కడ నేల కడిగేవాళ్ళు, తోటమాలి, తువ్వాళ్ళు ఇచ్చేవాళ్ళు ఎవరున్నారో వెతుక్కుంటాడు. ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, "ఏమైనా తగిలిందా? జివ్వుమందా?" అని అడుగుతాడు. మీటరు అది పెట్టిన క్షణం సంగతే చెబుతుందిట. తడికాళ్ళతో తిరిగేవాళ్ళు నెలంతా జరిగింది చెబుతారుట. పెద్ద పెద్ద ఇంజనీర్లు చెప్పింది వినడు గానీ, చీపురు పట్టుకున్న మనిషి "ఏమో అన్నా, ఒకసారి అదోలా అనిపించింది" అంటే చాలు, అక్కడ కరెంటు తీసేయించి కూర్చుంటాడు.

అలా కూర్చునే రెండు చోట్ల పని పోగొట్టుకున్నాడు. ఒక హోటల్లో కొత్త ఫౌంటెన్ మొదలుపెట్టే రోజున, అతిథులంతా వచ్చి నిలబడ్డాక, లైట్లు వేయనివ్వనన్నాడు. మళ్ళీ గుమ్మం తొక్కొద్దన్నారు. ఆ తర్వాత ఐదు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే లేచి, చొక్కా వేసుకుని, వెళ్ళడానికి చోటు లేక, సంచిలో సామానంతా నేల మీద పరిచి తుడిచి మళ్ళీ సర్దుకునేవాడు. రోజూ!  ఆయన సామాను తుడుస్తున్న చప్పుడు వినలేక నేను వంటింట్లో కుళాయి తిప్పుకుని నిలబడేదాన్ని.

అందుకే నేను పనిచేసే చోట మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ఆయన్ని పెట్టించాను. నాది ఈతకొలనులో ఆడవాళ్ళ వైపు పని. తాళాలివ్వడం, తువ్వాళ్ళు లెక్కచూసుకోవడం, షవర్ల దగ్గర నేల కడగడం. కొలనులోంచి వచ్చినవాళ్ళు ఒళ్ళు కడుక్కునే వసారా ఒకటుంది. చుట్టూ ఎత్తు గోడలు, పైన సగం కప్పు. పగలు కూడా మసకగా ఉంటుందని, తెరిచి ఉన్నంతసేపూ అక్కడ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఇనప స్తంభాలు మూడు, ఒక్కోటీ నిలువున్నర ఎత్తు, పైన గాజు లైటు. ఆ లైన్లకి కరెంటు కారితే దానంతటదే ఆపేసే ట్రిప్పరు పెట్టమని ఆయన మూడుసార్లు రాసిచ్చాడు. మేనేజరు చూద్దాం చూద్దాం అంటూనే ఉన్నాడు.

ఆ ఏడు ఎండాకాలంలో కొలను మూసి రంగులు వేయించారు. రంగులవాళ్ళు స్తంభాల మీది లైట్లు కూడా దించి, రంగు వేసి, మళ్ళీ బిగించి, చుట్టూ తెల్లగా సిలికాన్ పూసిపోయారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ పన్నెండు రోజుల పని ఆరు రోజుల్లో ముగించి చక్కాపోయారు. ఇన్నేళ్ళు అనుమానం మనిషి పక్కన ఉన్నదాన్ని కదా, నాకూ కొంచెం అంటుకుంది. ఇంత తొందరగా ఎలా అయింది చెప్మా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు రంగు మరకలు పోవాలని మూడు షవర్లూ వదిలి, పైపు పట్టుకుని అరగంట పైగా ఆ వసారా కడిగాను. లైట్లు వెలుగుతున్నాయి. నడుం నొప్పెట్టి మధ్య స్తంభానికి చెయ్యి ఆనించాను. జివ్వుమంది. మోచెయ్యి గోడకి కొట్టుకుంటే భుజం దాకా పాకుతుందే, అలాగ. ఠపీమని చెయ్యి లాక్కున్నాను.  పైపు పట్టుకుని పట్టుకుని చెయ్యి తిమ్మిరెక్కిందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. అయితే ఇంకోసారి ముట్టుకుని చూసే ధైర్యం మాత్రం చేయలేదు. తిమ్మిరే అయితే భయమెందుకు? తిమ్మిరి కాదని నాకు అప్పుడే తెలుసు.

ఇంటికెళ్ళి చెబుదామనే బయల్దేరాను. గేటు దగ్గర మేనేజరు ఆపాడు. "చూడమ్మా, సోమవారం కొలను తెరుస్తున్నాం. పెద్దవాళ్ళు వస్తున్నారు. మీ ఆయన వచ్చి ఈసారి కూడా ఏదో వంక పెట్టి మూయించాడనుకో, నేనింక ఏం చేయలేను. వేరే మేస్త్రీని చూసుకుంటాను. తర్వాత నన్ననుకోవద్దు" అన్నాడు. నాకు నేల మీద పరిచిన ఆ సామాను కళ్ళ ముందు కనిపించింది. ఆయనకి యాభై నాలుగేళ్ళు. ఇంకెవరు పెట్టుకుంటారు? ఇంటికెళ్ళి నోరు మెదపలేదు.

ఆదివారం ఆయన తనిఖీకి వచ్చాడు. అప్పటికి నాలుగు రోజులుగా వసారాలో చుక్క నీరు లేదు. ఎండ మండిపోతోంది. కొలను నింపుతున్నారని షవర్ల లైను కట్టేశారు. ఆయన స్తంభాల చుట్టూ తిరిగి తిరిగి, ఆ తెల్లటి సిలికాన్ వంక మిడతని చూసిన పిల్లిలా చూస్తున్నాడు.

"ఇది కోసి లోపల చూడాలండీ" అన్నాడు.

మేనేజరు గయ్యిమన్నాడు. "నిన్నగాక మొన్న వేయించాం. నువ్వు కోస్తే రంగులవాళ్ళు మళ్ళీ పూచీ పడరు. పైనుంచి చూసి చెప్పు."

ఆయన టెస్టరు పెట్టాడు, ఏమీ లేదు. మీటరు పెట్టాడు, ఏమీ లేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి లైటు మీద పోశాడు, అప్పుడూ ఏమీ లేదు. "లోపల తడి చేరినా ఈ ఎండకి ఆరిపోయుంటుంది. ఒక్క చెంబుకి బయటపడదండీ, అరగంట షవర్లు వదలాలి" అన్నాడు. లైను రేపు పొద్దున గానీ తెరవరు అన్నాడు మేనేజరు. ఇంక ఆయనకి మిగిలింది ఒక్కటే. తడికాళ్ళ వాళ్ళని అడగడం. తోటమాలికి ఆ వసారాలో పని లేదు. రంగులు వేశాక అక్కడ నీళ్ళలో నిలబడ్డది నేనొక్కదాన్నే.

నన్ను పక్కకి పిలిచాడు. "కడిగింది నువ్వేగా? ఎంతసేపు?"

"అరగంట."

"లైట్లు వెలుగుతున్నాయా?"

"ఆఁ."

"ఏమైనా తగిలిందా?"

మేనేజరు తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. "లేదు" అన్నాను.

ఇంకోసారి అడుగుతాడనుకున్నాను. ఆయన ఏదైనా రెండుసార్లు అడక్కుండా వదిలే మనిషి కాదు. రెండోసారి అడిగితే చెప్పేసేదాన్ని, ఒట్టు. కానీ "సరే" అని జేబులోంచి పెన్ను తీసి కాగితం మీద సంతకం పెట్టాడు. కన్నకూతురు పాసయ్యిందంటే నమ్మని మనిషి, నేనన్న ఒక్క ముక్క నమ్మి సంతకం పెట్టాడు! 

ఇంటికొచ్చాక హాయిగా భోంచేశాడు. "ఆ రంగులవాళ్ళ మీద నాకు నమ్మకం లేదు గానీ, నువ్వు అరగంట నిలబడ్డావు కాబట్టి ఫరవాలేదు" అన్నాడు. ఆయనకి మజ్జిగ పోస్తూ, రేపు నేనే ఆ స్తంభం దగ్గర కాపలా ఉంటాను, ఎవరినీ ముట్టుకోనివ్వను, సాయంత్రం ఎలాగోలా చెప్పేస్తాను అని మనసులో లెక్కలేసుకున్నాను. ఎంత తెలివితక్కువ లెక్కో చూడండి! కరెంటుకి నేను కాపలాట!

సోమవారం పొద్దున ఆరింటికే ఆడవాళ్ళంతా వచ్చేశారు. అందరికన్నా ముందు టీచరమ్మ. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, డెబ్భై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులకి ఈత మంచిదని డాక్టరు చెప్పాడు. నేను మధ్య స్తంభానికి ముందు తిరగేసిన బకెట్ పెట్టి, నేల తడిగా ఉందన్న బోర్డు పెట్టి, దాని పక్కనే కర్ర పట్టుకుని నిలబడ్డాను. "ఏమ్మా, ఇవాళ పోలీసు ఉద్యోగమా?" అని నవ్వుకుంటూ నీళ్ళలోకి వెళ్ళింది. షవర్లు వదిలారు. ఒక బ్యాచి వచ్చింది, కడుక్కుంది, వెళ్ళింది. ముప్పావుగంట గడిచింది. ఎవరో అమ్మాయి తాళం పడట్లేదని కేకేసింది. రెండడుగులు అటు వేశాను. అంతే.

టీచరమ్మకి చెప్పులు తొడుక్కోవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి. ఎప్పుడూ ఆ మధ్య స్తంభమే పట్టుకుంటుంది. అది నాకు తెలియదా? తెలుసు! అప్పుడే ఈత ముగించి ఒళ్ళు కడుక్కుని వచ్చిన ఆవిడ, బకెట్ని కాలితో పక్కకి జరిపి స్తంభం పట్టుకుంది. "అమ్మా" అని ఒక్క కేక, అంతే, చెయ్యి ఊడి రావడం లేదు. ఒళ్ళంతా వణికిపోతోంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పెళ్ళయినప్పటి నుంచీ మా ఆయన నా చెవిలో జోరీగలా చెప్పిన మాట ఒకటుంది, కరెంటు పట్టుకున్న మనిషిని చేత్తో ముట్టుకోకు, పొడి కర్రతో కొట్టు అని. చేతిలో కర్ర పొడిగానే ఉంది. కళ్ళు మూసుకుని ఆవిడ ముంజేతి మీద ఒక్కటిచ్చాను. చెయ్యి ఊడి వచ్చింది, ఆవిడ వెనక్కి పడిపోయింది. నేను పరిగెత్తి మెయిన్ కిందికి లాగి, గొంతు చించుకుని అరిచాను.

బతికింది. మణికట్టు ఎముక చిట్లింది. పడ్డప్పుడు చిట్లిందో, నా దెబ్బకి చిట్లిందో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు.

మా ఆయన పావుగంటలో వచ్చాడు. మెయిన్ తీసి ఉందని మేనేజరు చెప్పినా వినకుండా తనే వెళ్ళి చూసుకున్నాడు. నిచ్చెన ఎక్కి, చాకుతో ఆ తెల్లటి సిలికాన్ కోశాడు. లైటు కొంచెం వంచగానే రెండు గ్లాసుల నీళ్ళు బడబడా కారాయి. అడుగు బెజ్జాన్ని కూడా ముద్దగా పూడ్చేశారు. ఎక్కడా ఒక్క చుక్క దూరకూడదని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన పనే అది, పాపం! కారిన కరెంటుని నేలలోకి పంపాల్సిన ఎర్త్ వైరేమో ఎక్కడా కలపకుండా వేలాడుతోంది.

మేనేజరుకి ముచ్చెమటలు పోస్తున్నాయి. "మేస్త్రీ, నిన్న బాగుందని సంతకం పెట్టింది నువ్వే కదా?" అన్నాడు.

ఆయన దిగి నా వైపు తిరిగాడు. "నువ్వు కడిగిన రోజున తగిలిందా?"

ఇప్పుడు కూడా లేదు అనొచ్చు. ఎవరు చూశారు? "తగిలింది" అన్నాను. "చెబితే నీ పని పోతుందని చెప్పలేదు."

ఆయన ముఖంలో ఏదో ఆరిపోయింది. కోపం కాదు. కోపమైతే నేను పట్టించుకునేదాన్ని కాదు. చాకు మడిచి జేబులో పెట్టుకుని మేనేజరుతో అన్నాడు, "సంతకం నాది. విప్పకుండా పెట్టాను. తప్పు నాదేనండీ." నా పేరెత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "తప్పు నీదేంటి? కోస్తానంటే వద్దన్నది ఎవరు? అడగవయ్యా!" అని మేనేజరు మీదకి వెళ్ళాను. అతను ఆ సంతకం మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే మొదట తన మీదకే వస్తుందని తెలుసు.

పని పోలేదు. దేనికోసం అబద్ధమాడానో అది నిజం బయటపడ్డాక కూడా అలాగే ఉంది. ఎంత విడ్డూరం చూడండి! ఆ వారంలోనే ట్రిప్పరు పెట్టించారు, లైట్లన్నీ దింపించి మళ్ళీ వేయించారు. టీచరమ్మని చూడ్డానికి వెళ్ళి అంతా చెప్పి కాళ్ళ మీద పడ్డాను. "కొట్టి బతికించావు సరే. ముందే చెబితే కొట్టాల్సిన పనే ఉండేది కాదుగా" అంది. అని కట్టుకట్టిన చెయ్యి నా తల మీద పెట్టింది. దానికన్నా రెండు తగిలించినా బాగుండేది.

ఆ సోమవారం ఇంటికొచ్చాక నేనే ఉండబట్టలేక, "తిట్టవయ్యా, నాలుగు తిట్టు, తీరిపోతుంది" అన్నాను.

"నిన్ను నేను పెళ్ళానివని అడగలేదే. నీళ్ళలో నిలబడ్డ మనిషివని అడిగాను" అన్నాడు. అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మూడు నెలలకి మళ్ళీ తనిఖీ వచ్చింది. ఇంట్లో మాటలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఉప్పు తక్కువైందంటాడు, నేను ఎక్కువే వేశానంటాను. అంతా సర్దుకుందనే అనుకున్నాను. ఆ పొద్దున తోటమాలిని పిలిచి అడిగాడు. కొత్తగా చేరిన ఊడ్చే ఆవిడని అడిగాడు. టీచరమ్మ కట్టు విప్పేశారు, ఆవిణ్ణి కూర్చోబెట్టి మరీ అడిగాడు. నేను తువ్వాళ్ళు మడత పెడుతూ నా వంతు కోసం చూస్తున్నాను. నన్ను దాటుకుని నిచ్చెన తేవడానికి వెళ్ళిపోయాడు.

నేనే వెనకాల వెళ్ళాను. "ఈ మూడు నెలల్లో నాకేమీ తగల్లేదు. నిజంగా" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

మధ్య స్తంభం దగ్గర నిచ్చెన వేశాడు. పక్కన ఎవరూ లేకపోతే నేనే వెళ్ళి పట్టుకున్నాను. పెళ్ళయిన కొత్తలో మా ఇంటి లైటు దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఎన్నిసార్లు పట్టుకుని ఉంటానో లెక్కలేదు. నేను పట్టుకుంటే చాలు, కిందకి చూడకుండా ఎక్కిపోయేవాడు. ఆ రోజు మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఆగి, రెండు చేతులతో నిచ్చెనని ఒకసారి ఊపి చూసుకున్నాడు. తర్వాత ఎక్కాడు.

నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.